బీజమును పొరుగును

విత్తొకటి వేసిన చెట్టొకటి మొలచునా యని మనలో సామెత కలదు. మామిడి టెంకనుండి చింత మొలవదన్నంతవఱకు ఇది సత్యమే. కాని దీనిని మనుష్యులకు అన్వయించి, "వీడు చదువునకు పుట్టలేదు, ఈ పిల్ల వంటయింటికే పుట్టినది" అని తీర్పు చెప్పుట మన యిండ్లలో నేటికిని పోలేదు. పుట్టుకయే గతిని నిర్ణయించునా? పిండోత్పత్తి శాస్త్రము దీనికి చెప్పగలదెంత, చెప్పజాలనిదెంత యని విచారింపదలచితిమి.

1924వ సంవత్సరమున జర్మనీలోని ఫ్రైబుర్గు పట్టణమునుండి హాన్స్ స్పేమన్ అను పండితుడును, ఆయన శిష్యురాలు హిల్డే మాంగోల్డును ఒక పరీక్షను ప్రకటించిరి. న్యూటు అనునది కప్పల కోవకు చెందిన తోకగల జంతువు. వర్ణము లేని యొక జాతి న్యూటు పిండమునుండి చిన్న ముక్కను తీసి, వర్ణముగల వేఱొక జాతి పిండమునకు పొట్టవైపున అతికిరి. అచ్చట రెండవ పిండము రూపొందసాగెను. దాని నాడీనాళము చాలవఱకు ఆశ్రయమిచ్చిన పిండపు కణములతోనే యేర్పడినదని వర్ణభేదమే తెలిపెను. పొట్టమీది చర్మము కావలసిన కణములు, పొరుగు మాఱగానే నాడీకణములైనవి!

ఆ పొరుగు చెప్పిన మాట యేమి? కప్పల పిండములపై 1990 తరువాత జరిగిన పరిశోధనలు దీనిని విప్పినవి. పిండపు పైపొర కణములకు బీ.ఎం.పీ. అను వృద్ధికారకము సోకుచుండును. అది కణముమీది గ్రాహకమును తాకి, లోని జన్యువులకు "చర్మము కమ్ము" అను సందేశమును పంపును. స్పేమన్ అతికించిన ముక్కవంటి భాగము నాగిన్, కార్డిన్ అను మాంసకృత్తులను విడుచును. అవి బీ.ఎం.పీ.ని పట్టుకొని గ్రాహకమును చేరనీయవు. ఆ యాజ్ఞ అందని కణము నాడీమార్గము పట్టును. అనగా ఆ పొరుగు ముఖ్యముగ చేసినది క్రొత్త శక్తిని ప్రసాదించుట కాదు. ఒక మాటను అడ్డగించుటయే.

అట్లయిన బీజము వ్యర్థమా? కాదు. న్యూటు కణము ఏ పొరుగుననున్నను న్యూటు కణమే. కాలమునకును పట్టు కలదు: లేత పిండములో పొరుగు మాట వినిన కణమే, కొంత ముదిరిన పిండములో వినదు. 2006లో జపానుదేశీయుడు యమనకా, ఎలుక చర్మమునందలి కణములలో నాలుగు జన్యువులను చొప్పించి వానిని మూలకణములవంటి స్థితికి మరల్పగలిగెను. అయినను మఱలినవి బహుస్వల్పము. తొలుత ఒక్క మాటతో తప్పిపోవునది తరువాత మహాప్రయాసము.

ఇచ్చట మేమొక హెచ్చరిక చేయవలసియున్నది. చర్మము అధమమనియు నాడి యుత్తమమనియు ప్రకృతి యెఱుగదు. పుట్టుక గొప్పకు బీజమును సాక్షిగా పిలుచుట యెంత తప్పో, సంస్కరణమునకు కణమును సాక్షిగా నిలుపుటయు అంత తప్పే. కణములు సమానములు కాకపోయినను మనుష్యులకు న్యాయము చేయవలసినదే. శాస్త్రము తొలగించునది ఒక సాకును మాత్రమే. పంపిన మాట యెట్టిదో కణము ఎఱుగదు, మన మెఱుగుదుము. ధర్మము పుట్టునది ఆ యెఱుకనుండి.

పదేండ్లు "నీకు చదువేల" యని చెప్పి, పదునొకండవ యేట "దీనికి చదువబ్బలేదు, స్వభావమే యంత" అనుట న్యాయమా? స్వభావమని తీర్పు చెప్పకముందు, మన నోట వెడలిన మాటలను లెక్కించుకొనుట గృహస్థుల ప్రథమ కర్తవ్యము.