ఆమె సంతోషంగా ఉందని నీకెలా తెలుసు?

ఒక విద్యార్థి రాత మెరుగుపడిందని ఎప్పుడంటాం? స్పెల్లింగులు కుదిరినప్పుడు, వాక్యాలు తడబడకుండా నడిచినప్పుడు, పదికి ఐదొచ్చే మార్కులు ఎనిమిదైనప్పుడు. అంటే తప్పులు తగ్గడాన్నే మనం ఎదుగుదల అంటున్నాం. ఈ లెక్క మీద నాకు చాలాకాలంగా అనుమానం ఉంది. తప్పుల్లేకుండా రాయడానికి అన్నిటికంటే సులువైన దారి, అప్పటికే వెయ్యిమంది రాసేసిన వాక్యాలు రాయడం. గైడు పుస్తకాల్లో వ్యాసాలు చూడండి, ఒక్క తప్పూ దొరకదు. వాటిని రాసిన మనిషీ దొరకడు.

ఈ మధ్య ఈ అనుమానానికి కొంత ఆధారం దొరికింది. తార్నాకలో మా పై పోర్షన్‌లో అద్దెకుంటున్న అమ్మాయి క్యాంపస్‌లో ఎమ్మే చదువుతోంది. మిర్యాలగూడ దగ్గర ఊరు, పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఒక సెమిస్టరంతా ఇంగ్లీషు కాంపోజిషన్ కోర్సు చేసింది. నేను చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే అయినా పుస్తకాల గురించి రాస్తుంటానని తెలిసి, "అన్నా, కొంచెం చూస్తరా" అని ఫైలు తెచ్చిచ్చింది. దీని గురించి రాస్తానంటే సరేనంది.

ఒకే విషయం మీద మూడుసార్లు రాయాలి, అదీ కోర్సు పద్ధతి. తను ఎంచుకున్నది రోజూ పొద్దున టిఫిన్ చేసే ఇడ్లీ బండి. మొదటి ప్రతిలో, బండి నడిపే ఆవిడ పేదదే కానీ సంతోషంగా ఉంటుందనీ, కష్టపడితే ఫలితం దక్కుతుందనడానికి ఆమే ఉదాహరణ అనీ ఉంది. వ్యాకరణం దాదాపు సరిగ్గానే ఉంది. మేడమ్ ఎర్ర పెన్నుతో ఏదీ కొట్టెయ్యలేదు. పక్కన మార్జిన్‌లో ఒకే ప్రశ్న రాశారు: ఆమె సంతోషంగా ఉందని నీకెలా తెలుసు?

రెండో ప్రతిలో అమ్మాయి తప్పించుకుంది. "సంతోషంగా ఉంటుంది" తీసేసి "సంతోషంగా కనిపిస్తుంది" అని పెట్టింది. మేడమ్ మళ్లీ మార్జిన్‌లో రాశారు: ఎప్పుడు కనిపించింది?

మూడో ప్రతి వేరు. పొద్దున ఆరింటి నుంచి పదింటి దాకా ఆవిడ కూర్చోదు అని ఉంది. ఎవరైనా పెద్దగా నవ్వితే తనూ నవ్వుతుంది, చూపు మాత్రం ప్లేట్ల మీదే ఉంటుంది. చిల్లర లెక్కపెట్టేటప్పుడు ఎవరు పలకరించినా పలకదు. చివర్లో ఇలా ఉంది: "ఆవిడ సంతోషంగా ఉందో లేదో నాకు తెలీదు. ఆరు నెలలుగా అక్కడ తింటున్నాను. ఇంతవరకూ పేరు అడగలేదు."

తప్పులు లెక్కపెట్టాను. మొదటి ప్రతిలో కంటే మూడోదాంట్లోనే ఎక్కువ. కాలాలు కలిసిపోయాయి, ఆర్టికల్స్ ఎగిరిపోయాయి, ఒక వాక్యానికి క్రియే లేదు. దీంట్లో ఆశ్చర్యం లేదు. సిద్ధంగా ఉన్న వాక్యాలు వదిలేసి, తను చూసినదానికి కొత్తగా వాక్యం కట్టుకోవాల్సొచ్చినప్పుడు కాళ్లు తడబడతాయి. న్యూయార్క్ సిటీ కాలేజీలో, అప్పటిదాకా కాలేజీ గడప తొక్కని వర్గాల పిల్లలకి రాయడం నేర్పిన మీనా షాన్సీ 1977లో 'ఎర్రర్స్ అండ్ ఎక్స్‌పెక్టేషన్స్' అనే పుస్తకం రాసింది. వాళ్ల తప్పులు అజాగ్రత్త వల్ల వచ్చినవి కావు, వాటి వెనక ఒక తర్కం ఉంది, ముందు దాన్ని చదవమంటుంది.

మొదటి ప్రతిలో వ్యాకరణం పట్టుకోలేని తప్పు ఒకటుంది. ఇంకొక మనిషి గురించి తనకి తెలియనిది తెలిసినట్టు చెప్పడం. పైగా ఆ చెప్పడం అందరికీ సౌకర్యంగా ఉంటుంది. ఆవిడ సంతోషంగా ఉందంటే ఇక మనం చెయ్యాల్సిందేమీ లేదు, ఇడ్లీ తిని వెళ్లిపోవచ్చు. అందుకే రాత నేర్పడం భాషకి సంబంధించిన పని మాత్రమే కాదనీ, నీతికి సంబంధించిన పని కూడా అనీ నాకనిపిస్తుంది.

తెలుగులో ఈ గొడవ కొత్తది కాదు. వ్యావహారిక భాషోద్యమాన్ని మనం సాహిత్య చరిత్రగా చదువుకుంటాం కానీ, అది రాజుకున్న చోట్లలో ఒకటి కాంపోజిషన్ పేపరే. విద్యార్థి వ్యాసం ఏ తెలుగులో రాయాలన్నది అసలు ప్రశ్న. మద్రాసు విశ్వవిద్యాలయం వేసిన ఉపసంఘంలో సభ్యుడైన గురజాడ 1914లో తన అసమ్మతి పత్రం రాసింది దాని మీదే. గిడుగు రామమూర్తి ఇంకో అడుగు ముందుకేసి, గ్రాంథికమే రాయాలనే పండితుల గ్రాంథికంలోనే తప్పులు ఏరి చూపించాడు. అప్పటికి గ్రాంథికానిదే పైచేయి అయింది. ఊరి చెరువు గురించి రాయమంటే గ్రాంథికం వల్లెవేసిన పిల్లవాడి చేతికి ముందు తామరలూ హంసలూ వస్తాయి. చెరువులో గేదెలున్నాయన్న సంగతి కాగితం మీదికి రాదు. మా పైపోర్షన్ అమ్మాయి మొదటి ప్రతిలోని సంతోషం అలాంటి హంసే.

అలాగని సొంత భాషలో రాస్తే చాలు, నిజం దానంతటదే వస్తుందనుకోలేం. 1918లో మొదలైన ఉస్మానియాలో బోధనంతా ఉర్దూలోనే. తెలుగు పిల్లలు కూడా ఆ భాషలోనే జవాబులు రాశారు. ఉర్దూ మాధ్యమంలో చదివిన సి. నారాయణరెడ్డి తెలుగులో ఎమ్మే, పీహెచ్‌డీ చేసి, అక్కడే పాఠాలు చెప్పి, 1988 జ్ఞానపీఠం అందుకున్నాడు, తెలుగులో గజళ్లూ రాశాడు. పరాయి భాష ఆయన నోరు నొక్కలేదు. వాడుక తెలుగులోనూ అరిగిపోయిన మాటలకి కొదవలేదు, ఏ పేపరు తిరగేసినా కనిపిస్తాయి.

ఇంకో అభ్యంతరం దీనికంటే గట్టిది. నెలనెలా జీతమొచ్చే నాలాంటివాడు, ఇంట్లో మొదటిసారి డిగ్రీ దాటిన అమ్మాయితో "నీ తప్పులే అందం" అంటే అది క్రూరత్వం. హైటెక్ సిటీలో ఇంటర్వ్యూ చేసేవాళ్లు మార్జిన్‌లో ప్రశ్నలు చదవరు. క్రియ లేని వాక్యం చూసి పక్కన పెట్టేస్తారు. తప్పులు దిద్దాల్సిందే. ఆ మేడమ్ కూడా మూడో ప్రతి అయ్యాక ఒక్కో తప్పూ చూపించి దిద్దించారు. నేను పట్టుబట్టేది వరస గురించి. ఆఫీసులో కోడ్ రివ్యూ చేసేటప్పుడు మాకూ ఇదే సమస్య. పేర్లు బాలేవు, ఖాళీలు సరిగ్గా వదల్లేదు అని ఇరవై కామెంట్లు పెట్టడం తేలిక. "ఇక్కడికి డేటా రాకపోతే ఏమవుతుంది?" అని అడగాలంటే కోడ్ నిజంగా చదవాలి.

ఇప్పుడు దిద్దే పని యంత్రం కూడా చేస్తోంది. అమ్మాయినడిగి, మొదటి ప్రతిని ఒక ఏఐ టూల్‌కిచ్చి బాగుచెయ్యమన్నాను. ఆర్టికల్స్ అన్నీ సరిచేసింది. ఆవిడ సంతోషాన్ని మాత్రం ముట్టుకోలేదు సరికదా, దానికి ఒక చెరగని చిరునవ్వు కూడా తగిలించింది. తప్పుల్లేని పేజీ క్షణాల్లో ఎవరికైనా దొరుకుతున్నప్పుడు, దాన్ని ఎదుగుదలకి రుజువుగా ఎలా తీసుకుంటాం?

"నాకు తెలీదు" అనడం కూడా రేపు ఒక ఫార్ములా కావచ్చు. మేడమ్‌కి అది నచ్చుతుందని తెలిస్తే క్లాసంతా అదే రాస్తారు. అందుకే మూడో ప్రతిలో నన్ను ఆపింది ఆ వాక్యం కాదు, దాని తర్వాత వచ్చిన పేరు సంగతి. మేడమ్ అడిగింది సంతోషం గురించి. పేరు గురించి మార్జిన్‌లో ఎక్కడా లేదు. ఆ ప్రశ్న అమ్మాయి తనంతట తనే వేసుకుంది. ఒక సెమిస్టర్‌లో జరిగిన ఎదుగుదల చూపించమంటే నేను చూపించేది ఆ ఒక్క వాక్యమే. మార్కుల పట్టికలో దానికి గడి లేదు.