తాతగారి ఫోను – నాల్గవ ఆజ్ఞ



నాల్గవ ఆజ్ఞ ఏమిటని అడిగితే, ప్రథమ దివ్యసత్ప్రసాదానికి సిద్ధపడుతున్న పిల్లవాడు కూడా తడుముకోకుండా చెబుతాడు: తల్లిదండ్రులను గౌరవించాలి. ఎలా గౌరవించాలని మరో ప్రశ్న వేస్తే, వేళకు అన్నం పెట్టాలి, మందులు కొనాలి, ఎదురు చెప్పకూడదు అంటాడు. మంచి జవాబే. అయితే ఈ రోజుల్లో ఆ జవాబుకు ఇంకొకటి చేర్చాలని నా మనవి. తాతగారికి ఫోను వాడడం నేర్పాలి. విసుక్కోకుండా నేర్పాలి.

నవ్వకండి. ఇది చిన్న సంగతి కాదు.

1990వ దశకం వరకు మన పల్లె విచారణలలో తరచు కనిపించిన దృశ్యం ఒకటుంది. దూరాన ఉన్న కొడుకు దగ్గర నుండి ఉత్తరం వస్తుంది. తల్లికి చదువు రాదు. ఆ ఉత్తరాన్ని కొంగున దాచుకొని ఉపదేశిగారి ఇంటికి వెళుతుంది. ఆయన కళ్ళజోడు సవరించుకొని చదివి వినిపిస్తారు. జవాబు కూడా ఆయనే వ్రాస్తారు. "ఇంకేమైనా వ్రాయమంటావా అమ్మా?" అని అడిగితే, ఆమె కాసేపు నేలవంక చూసి, "అంతేనయ్యా, అందరం కులాసా అని రాయండి" అంటుంది. మోకాళ్ళ నొప్పి సంగతి వ్రాయించలేదు. కోడలితో వచ్చిన మాట వ్రాయించలేదు. నిన్ను చూడాలని ఉందిరా అన్న ఒక్క మాట కూడా వ్రాయించలేదు. ఉపదేశిగారు ఎంత మంచివారైనా మూడవ మనిషే కదా! ఆ తరువాత ఎస్టీడీ బూతులు వచ్చాయి. అద్దాల గదిలో ఎర్రని అంకెలు పరుగెడుతుంటే చెప్పదలచిన దానిలో సగం గొంతులోనే నిలిచిపోయేది.

ఈనాడు కోనసీమ నుండి, కడప ప్రాంతం నుండి ఎందరో తల్లులు తమ బిడ్డలను అమ్మమ్మల చేతుల్లో పెట్టి, కువైటులో ఇళ్ళపనికి వెళ్ళి ఉన్నారు. ఆ అమ్మమ్మకు కూడా చదువు రాదు. కాని ఫోనులో మైకు గుర్తు ఎక్కడుందో తెలిస్తే, దానిమీద వేలు నొక్కి పట్టుకొని తన మాట తాను చెప్పవచ్చు, వేలు తీయగానే ఆ మాట సముద్రం దాటి కూతురికి చేరుతుంది. ఆమె పని ముగించుకొని అర్ధరాత్రి వినవచ్చు, నాలుగుసార్లు వినవచ్చు. అక్షరం రాని తల్లికి, దూరాన ఉన్న బిడ్డకు నడుమ మరొక మనిషి అక్కరలేకుండా పోయింది. సెల్‌ఫోనును తిట్టడానికి నాకు చాలా కారణాలున్నాయి. పూజలో పాత్రను పైకెత్తే సమయంలో మ్రోగే ఫోను సంగతి మరొక వారం మాట్లాడుకుందాం. ఈ ఒక్క మేలు మాత్రం నేను కాదనలేను.

మరి మనం ఇంట్లో చేస్తున్నదేమిటి? అవ్వ ఫోను పట్టుకొని మనవడి దగ్గరకు వస్తుంది. వాడు తల ఎత్తకుండానే, "ఇలా ఇవ్వు, నేను చేసిస్తా" అని లాక్కుంటాడు. నాలుగు క్షణాల్లో వాడి వేళ్ళు చకచక ఆడతాయి. పని అయిపోతుంది. అవ్వ ఏమీ చూడలేదు, ఏమీ నేర్చుకోలేదు. రేపు మళ్ళీ రావాలి, మళ్ళీ బ్రతిమాలాలి. మూడవ రోజు ఆమె అడగడం మానేస్తుంది. మనవడు సహాయం చేశాననే అనుకుంటాడు. చేసిపెట్టడం వేరు, నేర్పడం వేరు. మొదటిదానిలో పెద్దవారికి మిగిలేది ఋణం. ఉపదేశిగారి స్థానంలో మనవడు కూర్చున్నాడు, అంతే తేడా. ఉపదేశిగారు కనీసం మర్యాదగా అడిగేవారు.

ఇక పెద్దలతో ఒక మాట. "ఈ వయసులో నాకెందుకు ఫాదర్‌గారూ ఇవన్నీ?" అని మీరు అంటుంటారు. నిజంగా అక్కరలేకపోతే సరే, ఎవరూ బలవంతం చేయరాదు. ఫోను లేనంత మాత్రాన మోక్షం తప్పదు. అయితే ఆ మాట వెనుక కొన్నిసార్లు అక్కరలేకపోవడం కాదు, సిగ్గు ఉంటుంది. ముప్పై ఏళ్ళు బడిలో పాఠం చెప్పిన నేను పదేళ్ళవాడి ముందు చేయి చాపాలా అన్న సిగ్గు. దీనికి పునీత తోమాసు అక్వీనాసు వద్ద మంచి సమాధానం ఉంది. సెమినరీలో తత్వశాస్త్రం చదివిన రోజుల్లో మాకు ఇది పొడిపొడిగా తోచేది, ఇప్పుడు రుచి తెలుస్తున్నది. నేర్పించుకొనే గుణాన్ని ఆయన వివేకమనే సుగుణంలో ఒక భాగంగా లెక్కించారు. లోకవ్యవహారాలు అనంతం, ఒక్క మనిషి అన్నింటినీ తానే తెలుసుకోలేడు, కనుక ఎవరైనా ఇతరుల వద్ద నేర్చుకోవలసిందే అన్నారు. ముఖ్యంగా పెద్దల వద్ద నేర్చుకోవాలన్నారు. అంతటితో ఆగక, పెద్దలకు, విద్వాంసులకు కూడా ఈ గుణం అవసరమేనని చేర్చారు.

సమూవేలు మొదటి గ్రంథంలో వృద్ధ యాజకుడు ఏలీని గుర్తు చేసుకోండి. చూపు మందగించింది. రాత్రివేళ దేవుడు పిలిచినది అతనిని కాదు, మందిరంలో పడుకొని ఉన్న పిల్లవాడిని. ఆ పిలుపు ఎవరిదో పిల్లవాడికి తెలియలేదు, ఏలీకి తెలిసింది. ఎలా జవాబు చెప్పాలో నేర్పి పంపాడు. తెల్లవారిన తరువాత ఆ వృద్ధుడే పిల్లవాడిని పిలిచి, నీకు చెప్పినది దాచకుండా చెప్పుమని అడిగాడు. విన్నది తన ఇంటికే చేదువార్త అయినా అంగీకరించాడు. ఎలా వినాలో చిన్నవాడికి పెద్దవాడు నేర్పాడు, ఏమి వినబడిందో పెద్దవాడికి చిన్నవాడు చెప్పాడు. ఏలీ తన కుమారులను అదుపు చేయలేకపోయిన తండ్రి, నిజమే. కాని ఆ ఉదయం అతడు చూపిన వినయం నాకు చాలా ఇష్టం.

మన జగద్గురువులు కూడా వెనుకాడలేదు. మార్కొనీ నిర్మించిన వాటికన్ రేడియోను 1931 ఫిబ్రవరి 12న ప్రారంభించి, లోకమంతటితో రేడియోలో మాట్లాడిన మొదటి పాపుగారు 11వ పీయూషు. అప్పటికి ఆయనకు 73 ఏళ్ళు. 16వ బెనెడిక్టు పాపుగారు 2012 డిసెంబరు 12న ట్విట్టరులో తొలి సందేశం పంపినప్పుడు ఆయన వయసు 85. ఆయన పలక వంటి తెర మీద వేలు పెట్టబోతుంటే ప్రక్కన ఉన్నవారు సహాయం చేశారు. సహాయం తీసుకోవడం వల్ల పేతురు పీఠానికి గౌరవం తగ్గలేదు కదా!

రైల్వేలో పనిచేసి రిటైరైన మన కాజీపేట, విజయవాడ, గుంతకల్లు పెద్దలకు నవంబరు వస్తే ఒక పని ఉంటుంది. తాము బ్రతికే ఉన్నామని ప్రభుత్వానికి ఋజువు చూపాలి. ఆలోచించడమే తన ఉనికికి ఋజువని దెకార్త్ అనే తత్వవేత్త చెప్పాడు. పాపం, ఆ ఋజువు బ్యాంకు కౌంటరులో చెల్లదు. వెనుకటికి స్వయంగా వెళ్ళి వరుసలో నిలబడవలసి వచ్చేది. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చింది, వేలిముద్రతో పని జరిగింది. కాని పొలాల్లో, ఇటుక బట్టీలలో, పట్టాల మీద అరిగిపోయిన వేళ్ళను యంత్రం గుర్తించదు. కష్టపడి బ్రతికినందుకు శిక్షలా! 2021 నుండి ఫోను కెమెరాలో ముఖం చూపి కూడా ఆ ధ్రువపత్రం పొందవచ్చు. 80 ఏళ్ళు దాటినవారికి అక్టోబరు నుండే అవకాశం ఉంది. ఇంటి అరుగు మీద కూర్చొని తాతగారు తానే ఈ పని చేసుకోగలిగితే, కొడుకు సెలవు కోసం ఎదురు చూడనక్కరలేదు.

ఇప్పుడు భయం సంగతి. పెద్దల భయం వట్టిది కాదు. ఆదికాండములో ఈసాకు కథ ఉంది. కళ్ళు కనబడవు. యాకోబు మేకపిల్లల తోలు చేతులకు చుట్టుకొని, అన్న బట్టలు ధరించి వచ్చాడు. గొంతు యాకోబుదేనని ముసలాయన చక్కగా పోల్చుకున్నాడు. అనుమానపడ్డాడు, ప్రశ్నలు వేశాడు. చివరకు చేతులు తడిమి, బట్టల వాసన చూసి మోసపోయాడు. నేటి మోసగాళ్ళ పద్ధతి కూడా ఇదే. పోలీసు దుస్తులు ధరించి వీడియోలో కనిపిస్తారు. మీ పేరుమీద మత్తు పదార్థాల పార్సిలు దొరికిందంటారు. మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు, ఎవరికీ చెప్పకూడదు, ఫోను పెట్టేయకూడదు అంటారు. గంటల తరబడి భయపెట్టి జీవితకాలపు పొదుపును తమ ఖాతాలకు వేయించుకుంటారు. సహోదరులారా, మన దేశ చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదు. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి కూడా రేడియో ప్రసంగంలో ఈ మాట చెప్పారు. ఎవరికీ చెప్పవద్దు అన్న మాట వినగానే ఫోను పెట్టేయండి, ఇంట్లోవారికి, పొరుగువారికి, విచారణ గురువుకు ఎవరికైనా చెప్పండి. డబ్బు పోతే సిగ్గుపడి దాచకుండా వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ. ఇంకొక సంగతి: మీకు డబ్బు రావడానికి పిన్ నొక్కనక్కరలేదు. పిన్ అడిగారంటే మీ డబ్బు పోతున్నదన్నమాట.

అయితే ఈసాకును మోసగించినది బయటివారు కాదు. ఈ మాట వ్రాయడానికి నాకు కష్టంగా ఉంది, అయినా వ్రాయాలి. తల్లి ఫోను, తల్లి పిన్, తల్లి ఏటీఎం కార్డు అన్నీ తన దగ్గరే పెట్టుకొని, ఆమె పింఛను ఎంత పడిందో ఆమెకే చెప్పని కుమారులు మన కుటుంబాలలో లేరా? "ఆమెకేం తెలుసు ఫాదర్, అన్నీ నేనే చూసుకుంటున్నా" అంటారు. ఆమెకు తెలియకుండా ఉంచినది ఎవరు? నేర్పకపోవడం కొందరికి సోమరితనం, కొందరికి లాభం. ఆ రెండవది నాల్గవ ఆజ్ఞతోపాటు ఏడవ ఆజ్ఞకు కూడా విరుద్ధం. పాపసంకీర్తనానికి వచ్చేముందు ఆత్మపరీక్షలో దీనిని కూడా పరిశీలించుకొనండి.

టీవీలో, ఫోనులో పూజ చూస్తే చాలదా అని కొందరు పెద్దలు అడుగుతున్నారు. మంచం పట్టిన పునీత క్లారమ్మ క్రిస్మసు రాత్రి పూజను గదిలో నుండే దర్శించిందని చెబుతారు. అందుకే 12వ పీయూషు పాపుగారు ఆమెను టెలివిజనుకు పాలక పునీతురాలిగా నియమించారు. 2020లో గుడి తలుపులు మూతపడినప్పుడు ఆ చిన్న తెరే మనకు ఆదరణ అయింది. లేవలేనివారికి ఇప్పటికీ అది వరమే. కాని దివ్యసత్ప్రసాదం తెరగుండా రాదు, పాపసంకీర్తనం ఫోనులో చెల్లదు. నడవగలిగినవారు గుడికి రండి. నడవలేనివారు కబురు పెట్టండి, గురువు దివ్యసత్ప్రసాదంతో మీ ఇంటికి వస్తారు. ఆ కబురు పెట్టడానికి ఫోను బాగా పనికివస్తుంది.

2021లో ఫ్రాన్సిస్ పాపుగారు జూలై నాలుగవ ఆదివారాన్ని తాతయ్యల, అవ్వల, వృద్ధుల దినంగా ఏర్పరచారు. దేవమాత తల్లిదండ్రులు జ్వాకీము, అన్నమ్మల పండుగకు దగ్గరగా వస్తుంది. ఆ రోజు మన విచారణలలో పెద్దలకు శాలువాలు కప్పి, ఫలాహారం పెట్టి, ఫోటో తీసి పంపించివేస్తాం. వారి పెట్టెల్లో శాలువాలు చాలానే ఉన్నాయి. ఈసారి యువతీయువకులు ఒక్కొక్క పెద్ద ప్రక్కన అరగంట కూర్చోవాలని కోరుతున్నాను. ఆ రోజు వరకు ఆగనక్కరలేదు, వచ్చే ఆదివారం పూజ అయిన తరువాత గుడి వరండాలోనే మొదలుపెట్టవచ్చు. ఫోను పెద్దవారి చేతిలోనే ఉండాలి. మీరు వేలితో చూపండి, నొక్కేది వారు. ముందు అక్షరాలు పెద్దవి చేయండి, భాష తెలుగులోకి మార్చండి. ఒక ఆదివారానికి ఒకే పని నేర్పండి, దానిని పాత క్యాలెండరు వెనుక పెద్ద అక్షరాలతో వ్రాసి ఇవ్వండి. చదువు రానివారికి ఆ గుర్తు బొమ్మ గీసి ఇవ్వండి. మోటుబారిన వేలిని తెర గుర్తించకపోతే కొంచెం తడి చేసి తుడుచుకోమనండి. పదిసార్లు అడిగితే పదకొండవసారి కూడా చెప్పండి. మీకు అమ్మ అన్న మాట వారు ఎన్నిసార్లు చెప్పి నేర్పారో! పిన్ వేసే సమయంలో ముఖం ప్రక్కకు తిప్పుకోండి. పెద్దలు కళ్ళజోడు మరచిపోకుండా తెచ్చుకోవాలని ముందు ఆదివారమే ప్రకటించండి.