చూడని కొనుగోలుదారు

కొల్లేరు చుట్టుపక్కల పిల్లలకు విదేశీ వాణిజ్యం కొత్త మాట కాదు. ఆకివీడు, కైకలూరు చెరువుల్లో పెరిగిన రొయ్య అమెరికా, ఐరోపాల దాకా వెళుతోంది. 2022లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫారిన్ ట్రేడ్ కాకినాడలో శాఖ తెరవడంతో ఆ చదువు కూడా దగ్గరికే వచ్చింది. ఈ చదువు ధర్మసమ్మతమైనదే. దైవప్రవక్త (సఅసం) ప్రవక్త పదవికి ముందు హజ్రత్ ఖదీజా (రజి) గారి సరుకుతో సిరియా వెళ్ళి వ్యాపారం చేశారు.

సుంకాలు, మారకపు రేట్లు, ఓడ పత్రాలు అధ్యాపకులు నేర్పుతారు. ఒక ప్రశ్న మాత్రం విద్యార్థి తనకు తానే వేసుకోవాలి: కొనేవాడు నన్ను ఎన్నడూ చూడడు, మరి నేను ఎవరికి జవాబుదారుని?

రొయ్యల పెంపకంలో క్లోరంఫెనికాల్, నైట్రోఫ్యురాన్ వంటి మందులు నిషిద్ధం. ఐరోపాకు వెళ్ళే రొయ్యకు పట్టుబడికి ముందే నమూనా పరీక్ష ఉంటుంది. నమూనా మంచి చెరువులో తీసి, మందు వేసిన చెరువు సరుకును అదే ధ్రువపత్రంతో పంపితే? కాగితంలో తప్పు కనపడదు.

మదీనా బజారులో దైవప్రవక్త (సఅసం) ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టగా లోపల తడి తగిలింది. వానకు తడిసిందన్నాడు వర్తకుడు. జనానికి కనిపించేలా దాన్ని పైన ఎందుకు ఉంచలేదని ఆయన అడిగారు. మోసగించేవాడు తనవాడు కాడని హెచ్చరించారు. వాన కురవడం వర్తకుని నేరం కాదు, దాచడమే నేరం. నేటి ఎగుమతిలో ఆ రాశి పైభాగమే ధ్రువపత్రం.

"2025 ఆగస్టులో అమెరికా మన సరుకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచింది. రొయ్య ధర పడి రైతు నలిగాడు. అటువంటి వారితో మనకు నిజాయితీ ఏమిటి?" అని కొందరు అడగవచ్చు. రైతు బాధ నిజమే. కానీ సుంకం వేసింది ప్రభుత్వం, రొయ్య తినేది ఎవరింటి బిడ్డో. పగ ఉన్నవారి విషయంలోనూ న్యాయం తప్పరాదన్నది దివ్యఖుర్ఆన్ (5:8) బోధ. పైగా ఒక కంటైనరు తిరిగి వస్తే, నిజాయితీగా పెంచిన పక్క రైతు సరుకును కూడా అనుమానిస్తారు.

సోదరులారా! మన బిడ్డలు ఈ విద్యలో పట్టాలు పొందాలి, ఎగుమతిదారులు కావాలి. సంతకం చేసే ముందు మాత్రం కొనుగోలుదారు ఎంత దూరాన ఉన్నా అల్లాహ్ దగ్గరే ఉన్నాడని గుర్తుంచుకోవాలి. మన సంపాదనను అల్లాహ్ హలాల్‌గా ఉంచుగాక! ఆమీన్.