కాశీకి పోయినవాళ్లందరూ అన్నంభట్టులేనా?

సూరత్‌లోని వీర్ నర్మద్ దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయం పట్టా లేని మనిషి పేరు పెట్టుకుంది. కవి నర్మద్ (1833–1886) బొంబాయి ఎల్ఫిన్‌స్టన్‌లో చేరాడు గానీ, చదువు మధ్యలోనే వదిలేశాడు. తర్వాత ఏళ్ల తరబడి కూర్చుని 'నర్మకోశ్' అనే గుజరాతీ నిఘంటువును 1873 నాటికి పూర్తి చేశాడు. అదే ఊళ్లోని ఎన్ఐటీకి సర్దార్ వల్లభ్‌భాయ్ పేరు. ఆయన 22వ ఏట మెట్రిక్ గట్టెక్కి, కాలేజీ మొహం చూడకుండా అరువు పుస్తకాలతో ప్లీడరు పరీక్ష పాసయ్యాడు. లండన్ చదువు ఆ తర్వాతి మాట.

ఇంట్లో చదువుకున్న పిల్ల ఇవాళ ఆ ఎన్ఐటీలో చేరాలంటే జేఈఈ ర్యాంకు ఒక్కటే చాలదు. ఇంటర్‌లో 75 శాతమో, బోర్డులో మొదటి 20 పర్సంటైల్‌లో చోటో ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు కాస్త సడలింపు ఉంది. 2016లో ముంబయి అమ్మాయి ఒకరు ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్‌లో మూడు పతకాలు తెచ్చుకుని అమెరికాలోని ఎంఐటీలో చేరింది. పన్నెండో తరగతి సర్టిఫికెట్ లేదు గనక ఐఐటీ తలుపు మాత్రం తెరుచుకోలేదు.

ఇది ఆఫీసు నిబంధనల గొడవలా కనిపిస్తుంది. అడుగున ఉన్నది మాత్రం ప్రమాణాల తగవు. ఒక జ్ఞానం సరైనదని ఎలా తెలుస్తుంది? వేరే ఆధారం బయటినుంచి రావాలన్నారు నైయాయికులు. తప్పని తేలేదాకా జ్ఞానం తనంతట తానే ప్రమాణమన్నారు మీమాంసకులు. బోర్డులవాళ్లది న్యాయ పక్షం, ఇంటి బడి తల్లిదండ్రులది మీమాంస పక్షం అనుకోవచ్చు. ఆ న్యాయ పక్షానికి తొలి వాచకంలాంటి తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు మన గరికపాడువాడే. కాశీ వెళ్లినంత మాత్రాన ఎవరూ అన్నంభట్టు కాలేరని పండితుల్లో సామెత కూడా ఉంది. హాజరుపట్టీ మీద అంతకన్నా గట్టి విసురు దొరకదు.

న్యాయ పక్షాన్నే ఒప్పుకుందాం. సర్టిఫికెట్ శబ్దప్రమాణం: ఆప్తుడెవరో "ఈ పిల్లకు వచ్చు" అని చెప్పిన మాట. ప్రవేశ పరీక్ష దాదాపు ప్రత్యక్షం. కళ్లెదుట లెక్క చేసి చూపించినవాణ్ణి, లెక్క వచ్చని ఊరివాళ్ల చేత చీటీ రాయించుకు రమ్మంటే ఏమనాలి? మూడు గంటల పరీక్షకు కనిపించనివీ ఉంటాయి, నిజమే. ల్యాబులో చెయ్యి తిరగడం అలాంటిదే. అది కావాలంటే దాన్నే పరీక్షించాలి.

గుర్తింపు లేని చదువు సూరత్‌కు కొత్త కాదు. సహాయనిరాకరణ రోజుల్లో ఇక్కడి మునిసిపాలిటీ తన బడులకు సర్కారు గ్రాంటూ వద్దు, అజమాయిషీ వద్దు అంది. 1922లో ప్రభుత్వం ఆ పాలకవర్గాన్నే పక్కన పెట్టింది. అంతకుముందే, 1910లో, మచిలీపట్నంలో కోపల్లె హనుమంతరావు ప్రభృతులు జాతీయ కళాశాల పెట్టారు. గుర్తింపు లేకపోవడం ఆనాడు ఆత్మగౌరవం. అయితే దాని ఖరీదు ఎప్పుడూ పిల్లల ఖాతాలోనే పడుతుంది. విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ మదరసాలనూ వేదపాఠశాలలనూ మతవిద్య బోధించే సంస్థలనూ ఆ చట్టం పరిధినుంచి తప్పించింది. అక్కడ చేర్చాలన్న నిర్ణయం తండ్రిది, పద్దెనిమిదో ఏట కాగితం లేకుండా నిలబడేది కొడుకు.

ఒలింపియాడ్ పతకాలు చూసి సీటివ్వడం బాగానే ఉంటుంది. కానీ అలాంటి పతకం దాకా వెళ్లాలంటే ఇంట్లో కంప్యూటరూ తీరికగల తల్లీ ఉండాలి. బడి మానడం అందరికీ ఇష్టంతో జరగదు. సూరత్ లింబాయత్‌లో తెలంగాణ నుంచి వలసొచ్చిన పద్మశాలీ కుటుంబాలున్నాయి. కార్పొరేషన్ తెలుగు మీడియం బడి కూడా నడుపుతోంది. అయినా ఇంటి అవసరం ముంచుకొస్తే పిల్లవాడు సాంచెల (మరమగ్గాల) దగ్గరికే వెళ్తాడు. వాడి చదువుకు సాక్ష్యం ఎవరు చెప్పాలి? 1989లో పుట్టిన ఎన్ఐఓఎస్, అంటే సార్వత్రిక విద్యాలయ బోర్డు, వాడికి ఎంఐటీ కన్నా దగ్గర. ఓపెన్ స్కూలు పిల్లలు నీట్ రాయకూడదన్న నిబంధనను ఢిల్లీ హైకోర్టు 2018లో కొట్టేసింది. అందులో పెద్ద లాభం ఇలాంటివాళ్లదే.

పన్నెండు గంటల రాత్రి షిఫ్టు దిగి, చెవుల్లో సాంచె మోత ఇంకా తగ్గకముందే హాల్లో కూర్చుని ఫిజిక్సు పేపరు తిప్పే కుర్రాణ్ణి, బడికి ఎన్ని రోజులు వెళ్లావని అడగాల్సిన పని ఆ ఇన్విజిలేటరుకు లేదు.