బోధకుని నిరుత్సాహము

ఈశ్వరకార్యమునకుఁ దన్ను సమర్పించుకొన్న వానికి నిరుత్సాహము కలుగుట విశ్వాసలోపమా? రావికమతము వంటి పల్లెయందు, పిలిచిన పదుగురిలో ఒకఁడైనను రాని ప్రార్థనాగృహము నొద్ద ఏండ్లకొలఁది నిలిచియుండు బోధకునిఁ దలంచినప్పుడెల్ల ఈ ప్రశ్న మాకుఁ దోఁచుచుండును. మతమేదైనను ఈ వ్యథ యొక్కటియే. కావున క్రైస్తవ బోధకుల చరిత్రమునుండియు మనము నేర్వఁదగినది కలదు.

రావికమతము చిరకాలము చేరియుండిన విశాఖసీమకు 1805వ సంవత్సరమున జార్జి క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ అను లండను మిషను బోధకులు వచ్చిరి. తెలుఁగు నేర్చి, సువార్తలను తెనిఁగింపఁ బూనిరి. క్రాన్ 1809లోను, డెస్ గ్రాంజెస్ 1810లోను కాలధర్మము నొందిరి. ఆ తెలుఁగు సువార్తలు శ్రీరామపురమున అచ్చుపడినది 1812లో. తమ పుస్తకమును సయితము వారు కన్నులఁ జూడలేదు.

నెల్లూరి అమెరికను బాప్టిస్టు మిషను కథ వేఱు. 1840లో అచట నెలకొన్న ఆ మిషనును, ఫలము స్వల్పమని, 1853లోను 1862లోను మూసివేయవలెనను మాట స్వదేశమునఁ బుట్టెను. లైమన్ జూయెట్ దొర వలదని పట్టుపట్టి, 1865లో జాన్ క్లౌ దొరతోఁ గూడ మరలి వచ్చెను. 1876-78 నాఁటి మహాక్షామము పిమ్మట, 1878 జూలై 3వ తేదీన, గుండ్లకమ్మయందు ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

పెక్కండ్రు ఈ కథఁ జెప్పి, ఓర్చినవానికి జయము తప్పదని బోధకుని నోదార్తురు. ఈ యోదార్పు మాకు సమ్మతము కాదు. జూయెట్ పట్టుదల ఆ సంఖ్యచేతనే సార్థకమైనచో, క్రాన్ జీవితము వ్యర్థమని తీర్పు చెప్పవలసివచ్చును. ఏ న్యాయస్థానమును ఇట్టి తీర్పు నంగీకరింపదు. ఇరువురి సంకల్పము నొక్కటియే. కాలము మాత్రము వేఱు. క్లౌ దొరయే సంఖ్యను నమ్మలేదు. జనులు అన్నమునకై వత్తురేమోయని శంకించి, క్షామకాలమునఁ బదునైదు నెలలు ఎవరికిని బాప్తిస్మ మీయఁడయ్యెను.

మఱి ఫలమును విచారింపనే కూడదా? విచారింపవలెను. లేనిచో మన సోమరితనమునకు నిష్కామకర్మమని పేరు పెట్టుకొనఁగలము. అయితే విచారింపవలసినది ఎందఱు వచ్చిరని కాదు. చెప్పినది సత్యమా, చెప్పిన భాష వారికి బోధపడినదా, కష్టదినములందు వారి చెంత నుంటిమా యని. ఇందు లోపము తోఁచినచో దిద్దుకొనవచ్చును. తోఁపనిచో ధైర్యముగ నిలువవచ్చును. వచ్చువారి సంఖ్య మన చేతిలోనిది కాదు. దానికై క్రుంగుట పరుల యాస్తికై వ్యాజ్యెము వేయుట వంటిది.

నిరుత్సాహము విశ్వాసలోపము కాదు. కూలికి వచ్చినవాఁడు జనము రాలేదని కన్నీరు పెట్టఁడు, ప్రేమించినవాఁడే పెట్టును. కాని ఆ భారమును ఒంటరిగా మోయుమనుట క్రూరము. పట్టణములయందుఁ గూర్చుండి సంవత్సరమున కొకతూరి లెక్కలడుగు సోదరులారా! చందాతోపాటు పల్లె బోధకునకు ఒక యుత్తరమును వ్రాయుఁడు. వీలైనచోఁ బోయి, ఒక్క ప్రార్థనకైనను ఆతని ప్రక్కఁ గూర్చుండుఁడు. ఆతని దుఃఖమునఁ బాలుగొనక ఆతని లెక్కలను విమర్శించు నధికారము మనకు లేదు.