విద్యార్థియు విషయనిర్ణయమును

విద్యార్థి తన చదువులో చేసికొనవలసిన నిర్ణయము లనేకములు గలవు. ఏ శాస్త్రము చదువవలెను, ఏ గురువు నాశ్రయింపవలెను, ఏ వృత్తికి సిద్ధపడవలెను అను ప్రశ్నలను గూర్చి పెద్దలు తఱచుగా చర్చింతురు. కాని వ్రాయబూనిన వ్యాసమునకు విషయము నెట్లు నిర్ణయించుకొనవలెనను ప్రశ్న యెవరికిని పెద్దదిగా తోపదు. వ్యాసము పరీక్షకొఱకే యైనచో దాని నట్లు విడిచినను నష్టము లేదు. చదువువా డొక్కడే; అతడు విషయము నెఱిగినవాడే; తప్పున్నచో గీత గీసి మార్కులు తగ్గించును; కాగిత మంతటితో మూలబడును. అదే వ్యాసము సర్వజనులు చదువు విజ్ఞానసర్వస్వములో చేరునప్పుడు ప్రశ్న స్వరూపమే మాఱిపోవును. అందును మానవస్వభావమును గూర్చిన వ్యాసమైనచో విషయనిర్ణయము ధర్మవిచారమున కర్హమైన దగునని మా యభిప్రాయము.

ఇది మేము కల్పించి చెప్పు సంగతి కాదు. 2001 వ సంవత్సరమున ఆంగ్లభాషలో వికీపీడియా యను అంతర్జాల విజ్ఞానసర్వస్వ మారంభమయ్యెను. 2003 లో తెలుగున కూడ నట్టిది వెలసినది. అందులో నెవరైనను వ్రాయవచ్చును. ఎవరు వ్రాసినదాని నెవరైనను దిద్దవచ్చును. 2011 లో అమెరికాలోని అసోసియేషన్ ఫర్ సైకలాజికల్ సైన్స్ అను మనస్తత్వశాస్త్రజ్ఞుల సంఘము, అందలి తమ శాస్త్రవ్యాసములను బాగుచేయుటకు ఉపాధ్యాయులును విద్యార్థులును పూనుకొనవలెనని పిలుపు నిచ్చెను. నాటినుండి కొందఱు గురువులు పరీక్షావ్యాసమునకు మాఱుగా సర్వస్వవ్యాసమును వ్రాయించుచున్నారు. మూర్తిమత్వశాస్త్రము చదువుచున్న విద్యార్థితో “ఒక విషయము నెన్నుకొనుము” అని గురువు చెప్పును. విద్యార్థి యాలోచనలో పడును.

మన తెలుగునాట ఈ కార్యమున కాద్యులు కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు. వారు ఆంధ్రవిజ్ఞానసర్వస్వమును అకారాది క్రమమున నడపిరి. మూడు సంపుటములు వెలువడినను వ్యాసములు అకారమును దాటలేదు. 1923 లో వారు స్వర్గస్థులైరి. కార్యము మధ్యలో నిలిచినది. అకారాది క్రమమున కొక గుణము గలదు. అక్షరక్రమమున నేది ముందు వచ్చునో దానినే ముందు వ్రాయవలెను. వ్రాయువాని యిష్టాయిష్టములకు చోటు స్వల్పము. అంతర్జాల సర్వస్వమున కట్టి కట్టుబాటు లేదు. ఎవడో యొకడు పూనుకొన్న విషయ ముండును. ఎవడును పూనుకొననిది లేకుండును. కాబట్టి పూర్వము సంపాదకమండలి మోసిన బాధ్యతలో కొంత నేడు ఇరువదేండ్ల విద్యార్థి భుజములమీద పడినది. ఆ సంగతి యతడెఱుగడు.

సామాన్యముగా విద్యార్థి మూడు కారణములచే విషయము నెన్నుకొనును. మొదటిది సౌలభ్యము. ఫ్రాయిడు వంటి ప్రసిద్ధుని గూర్చి పుస్తకములు కొల్లలుగా దొరకును. ఒకదానినుండి నాలుగు వాక్యములు, మఱొకదానినుండి నాలుగు వాక్యములు తీసికొని వ్యాసము ముగింపవచ్చును. ఇందు పాపము లేదు, పుణ్యమును లేదు. నిండిన చెఱువులో కడవెడు నీరు పోసినట్లగును.

రెండవది యాత్మప్రీతి. ఇది సూక్ష్మమైనది. యుంగు పండితుడు 1921 లో ప్రకటించిన గ్రంథమువలన అంతర్ముఖులు, బహిర్ముఖులు అను విభాగము లోకప్రసిద్ధమయ్యెను. పిమ్మట అమెరికాలో నొక తల్లియు కూతురును దానిని పెంచి మనుష్యులను పదునాఱు తరగతులుగా విభజించు ప్రశ్నావళి నేర్పఱచిరి. అదియే మైయర్స్-బ్రిగ్స్ ప్రశ్నావళి. నేటి యువకులకు దానిపై మక్కువ మెండు. తాను మితభాషియైన విద్యార్థి అంతర్ముఖత్వమును గూర్చి వ్రాయ నుత్సహించును. ఆ మాటలలో తన ముఖము తనకు కనబడును. కాని జనులలో నధికసంఖ్యాకులు ఈ రెండు కొనల నడుమ నుండువారే యనియు, కొలది వారముల పిమ్మట మరల పరీక్షించినచో పెక్కుమంది వేఱు తరగతిలో పడుదురనియు విమర్శకులు చూపిరి. అద్దములో తన్ను చూచికొనుచున్నవానికి ఈ విమర్శ రుచింపదు.

ఆత్మప్రీతి బుద్ధి నెంతగా మఱపించునో ఫోరర్ అను శాస్త్రజ్ఞుడు 1948 లో చూపెను. అతడు తన తరగతిలోని 39 మంది విద్యార్థులకు స్వభావపరీక్ష నొకటి పెట్టి, కొన్నిదినముల పిమ్మట ఒక్కొక్కరికి వారి స్వభావవర్ణన యని యొక కాగితము నిచ్చెను. అది యెంతవఱకు నిజమో 5 మార్కులకు కొలువుడని యడిగెను. సగటున 4 కు మించి మార్కులు వచ్చెను. నిజమున కందఱికి నిచ్చిన వర్ణన యొక్కటే! అందు చాలభాగము అంగడిలో నమ్ము జ్యోతిషపుస్తకమునుండి తీసినది. “నీకు మంచిబుద్ధి గలదు, కాని నీ మనసు నెవరును తెలిసికొనలేదు” అని యెఱుకలసాని చెప్పిన మాటకు తల యూపని వారు మనలో నెందఱు? ఆ ఫలశ్రుతియే శాస్త్రవేషము ధరించి వచ్చినప్పుడు విద్యావంతులును తల యూపిరి. తనకు నచ్చుటయే నిజమునకు గుర్తుగా నెంచువాడు పరులకు జ్ఞానము చెప్ప నర్హుడు గాడు.

మూడవది యాశ్చర్యము. ఒక్క ప్రయోగముతో మానవుని భవిష్యత్తును తేల్చు కథలు ప్రసిద్ధములు. మిఠాయిముక్కను ముందుంచి, కొంతసేపోర్చుకొన్నచో రెండు నిత్తునని బాలునితో చెప్పిన మిషెల్ పండితుని ప్రయోగ మట్టిది. ఓర్చుకొన్న బాలురు పెద్దవారై చదువులో మిన్నలైరని లోకమున మాఱుమ్రోగినది. 2018 లో ప్రకటింపబడిన పునఃపరిశీలనమున, ఇంతకన్న పెద్ద సంఖ్యగల బాలురను చూచి, కుటుంబపరిస్థితులను లెక్కలోనికి తీసికొనగా, ఆ సంబంధము చాలవఱకు తగ్గిపోయెను. ఓర్పు బాలుని సొత్తని మనము పొగడినదానిలో నింటి కలిమియు, తల్లి చదువును కొంత పాలు పంచుకొన్నవి. పేదబిడ్డను “ఓర్పులేనివాడు” అని నిందించిన వ్యాసమును దిద్దువారెవరు?

ఇచ్చటనే మా వాదముయొక్క మూలము గలదు. స్వభావమును గూర్చి వ్రాయుట రాళ్లను గూర్చియు, నదులను గూర్చియు వ్రాయుట వంటిది కాదు. నదిని గూర్చి తప్పు వ్రాసినచో నది నొచ్చుకొనదు. మనుష్యునిగూర్చిన మాట మనుష్యునకు తగులును. 1936 లో ఆల్‌పోర్టు, ఓడ్‌బర్టు అను నిద్దఱు ఆంగ్లనిఘంటువును శోధించి మనుష్యుల నడత నొకరినుండి మఱొకరికి వేఱుచేసి చూపు మాటలను 17,953 ఏర్చిరి. అందులో స్థిరగుణములను దెలుపునవి సుమారు 4,500. మన భాషలో నిట్టి లెక్క వేసినచో నెన్ని తేలునో కాని, ఇంటిలో ప్రతిదినము వాడునవి మాత్రము మన మెఱిగినవే: మొద్దు, పెంకి, దొంగబుద్ధి, గయ్యాళి, అణకువగలది. శిశువు బెల్లము తిని తినలేదన్ననాడే “వీడు అబద్ధాలకోరు” అందుము. పెండ్లిచూపులలో గడియసేపు తలవంచి కూర్చున్న పిల్లను చూచి “అణకువగలది” అందుము. ఆ గదిలో ఆ పెద్దల నడుమ నే పిల్ల తల యెత్తగలదని మన మాలోచింపము. ఒక గడియలో చూచినది జన్మమంతటికి ముద్రయగును.

ఈ ముద్ర నిజమా యని యడిగినవారు గలరు. హార్ట్‌షోర్న్, మే అను నిద్దఱు 1928 మొదలు 1930 వఱకు ప్రకటించిన గ్రంథములలో వేలకొలది బడిపిల్లల నిజాయితీని పరీక్షించిన వృత్తాంతము గలదు. పిల్లలు వ్రాసిన యుత్తరములకు ముందుగా రహస్యముగా నకలు తీసి, పిమ్మట వారి కాగితములను వారినే దిద్దుకొనుడనిరి. కన్నులు మూసికొని చిన్న వలయములలో గుఱుతులు పెట్టుమనిరి. కన్ను తెఱవకుండ నది సాధ్యము కాదు. నాణెములు చేతికిచ్చి తిరిగి పెట్టెలో వేయుమనిరి. ఫలమేమి? పిల్లలు నిజాయితీపరులు, మోసగాండ్రు అని రెండు గుంపులుగా చీలలేదు. లెక్కలలో మోసగించినవాడు ఆటలో మోసగింపలేదు. నాణెము తాకనివాడు కాగితము దిద్దెను. నీతివాక్యములు తెలిసియుండుటకును నడతకును సంబంధము స్వల్పముగా నుండెను. పట్టుబడు భయము, తరగతిలోని తోడివారి నడత మొదలగునవి బలముగా పనిచేసెను.

ఇంతటితో వ్యాసము ముగించు విద్యార్థి సగము సత్యమే చెప్పినవాడగును. మిషెల్ 1968 లో ఈ మార్గముననే నడిచి స్థిరగుణవాదమును గట్టిగా ప్రశ్నించెను. ఎప్‌స్టైన్ 1979 లో ప్రత్యుత్తరము చెప్పెను: ఒకనాటి నడతకు మఱొకనాటి నడతకు పోలిక తక్కువయైనను, పెక్కుదినముల నడతను కూడి సగటు తీసినచో మనుష్యుని పోకడ స్థిరముగా కనబడును. హార్ట్‌షోర్న్, మేల లెక్కలనే 1963 లో మరల చూచిన బర్టన్, నిజాయితీ యను సామాన్యగుణ మొకటి స్వల్పముగా నున్నదని తేల్చెను. మిషెల్ కూడ 1995 లో షోడాతో గలిసి, మనుష్యుని స్థిరత్వము “ఇట్టిచోట నిట్లు, అట్టిచోట నట్లు” అను క్రమములోనే యున్నదని ప్రతిపాదించెను. అనగా స్వభావము లేదని కాదు. ఒక గడియలో కనబడునది స్వభావము కాదని. బిడ్డను దొంగ యను తల్లికి మొదటిమాట యెంత యవసరమో, “అంతయు పరిస్థితుల ప్రభావము, నాదేమున్నది” అని తప్పించుకొను లంచగొండికి రెండవమాట యంత యవసరము.

కాబట్టి విద్యార్థి మొదట నడుగవలసిన ప్రశ్న “నాకేది యిష్టము” అని కాదు. “ఏ విషయము తెలియక జనులు ఒకరికొకరు అన్యాయము చేసికొనుచున్నారు” అని. ఆ విషయమునకు సర్వస్వములో చోటున్నదా, ఉన్నచో నెట్లున్నది, నమ్మదగిన గ్రంథములు గలవా యని పిమ్మట చూడవలెను. ఒక్క ప్రయోగము చాలదు. పెక్కు ప్రయోగములను తూచిన సమీక్షలును, పాఠ్యగ్రంథములును కావలెను.

దీని కొక యాక్షేపణ రావచ్చును. సర్వస్వమునకు పక్షపాతము కూడదు. వ్రాయువాడు తన యభిప్రాయము నందు చొప్పింపరాదను నియమము వికీపీడియాలో గలదు. లోకోపకారబుద్ధితో విషయము నెన్నుకొనువాడు వ్యాసమును ప్రచారపత్రముగా మార్పడా? మార్చువాడును ఉండవచ్చును. కాని వైద్యుడు బీదలవాడలో నివసింప నిశ్చయించుకొనుటలో దయ గలదు. నాడి చూచునప్పు డతడు దయచే జ్వరమును తక్కువగా చెప్పరాదు. అట్లే విషయము నెన్నుకొనుటలో దయ యుండవలెను. వ్రాయుటలో న్యాయ ముండవలెను. తన కిష్టమైన సిద్ధాంతమునకు విరుద్ధముగా చెప్పినవారి మాటను తగినంత చోటిచ్చి వ్రాయగలుగుటయే యాతని పరీక్ష. గురువు పెట్టు మార్కులకన్న నిది పెద్దది.

తెలుగున వ్రాయువానికి వేఱొక చిక్కు గలదు. మన వ్యవహారమున “వ్యక్తిత్వము గలవాడు” అన్నచో పొగడ్త. “వ్యక్తిత్వవికాసము” పేర వచ్చు పుస్తకములు విజయమార్గములను బోధించును. శాస్త్రమున నది పొగడ్త కాదు. ప్రతివానికిని, దొంగకును దొరకును గలదే. పాఠ్యగ్రంథకర్తలు ఈ చిక్కు తప్పించుటకే కాబోలు “మూర్తిమత్వము” అనిరి. “శీలము” అన్నచో మంచిచెడ్డల తూకము చేరును. ఆ తూకము శాస్త్రపరిధికి వెలుపలిదని ఆల్‌పోర్టు మతము. స్త్రీవిషయమున శీలమను మాట మఱింత యిఱుకైన యర్థమున వాడబడి యెన్ని యిండ్లలో నెందఱిని బాధించెనో చెప్ప బనిలేదు. ఈ మూడు మాటల భేదమును స్పష్టపఱచు వ్యాసము తెలుగున నొక్కటి చక్కగా వెలసినను పదిమందికి మేలగును.

బిడ్డ యబద్ధమాడెనని కలతపడిన తల్లి, మొద్దని పేరుపడి తనపై తనకే నమ్మకము పోయిన బాలుడు, కొత్తకోడలిని గయ్యాళి యని నిశ్చయించుకొన్న యత్తగారు — వీరు గ్రంథాలయములకు పోరు, శాస్త్రపత్రికలు చదువరు. చేతిలోని ఫోనులో తమ భాషలో రెండు మాటలు వెదకుదురు. అచ్చట వారికి దొరకునది జాతకఫలమా, విజయసూత్రమా, లేక శ్రద్ధతో తూచి వ్రాసిన నాలుగు వాక్యములా యనునది, పేరైన నెఱుగని యొక విద్యార్థి యేదో యొకదినమున చేసికొన్న విషయనిర్ణయముపై నాధారపడియున్నది. మన విద్యార్థులు ఈ భారమును భయముతో గాక శ్రద్ధతో వహింతురుగాక. వారిని చదివించు తలిదండ్రులును “ఎన్ని మార్కులు వచ్చినవి” అని యడుగుటకు ముందు “ఎవరికొఱకు వ్రాసితివి” అని యడుగుట యలవాటు చేసికొందురుగాక.