దేవుడి మీద ఫిర్యాదు, దేవుడికే

దేవుణ్ణి నిలదీయడం భక్తికి విరుద్ధమా? పాస్టరు గారింట్లో పుట్టి పెరిగినదాన్ని, ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు. మా ఇంట్లో ప్రార్థన అంటే ముందు స్తుతి, ఆ తర్వాత విన్నపం. కీర్తనల గ్రంథంలో 88వ కీర్తన మొదలు నుంచి చివరిదాకా మొరే, చీకటిలోనే ముగుస్తుంది. దాని మీద మా సంఘంలో ప్రసంగం విన్న గుర్తు లేదు. కాలేజీలో పాఠాలు చెప్పే రోజుల్లో నల్లజాతి అమెరికన్ కవి కౌంటే కలెన్‌ని చదివాక, ఆ కీర్తనకు ఒక వారసుడున్నాడనిపించింది.

కలెన్ 1903లో పుట్టాడు. న్యూయార్క్‌లోని హార్లెంలో సేలం మెథడిస్ట్ చర్చి పాస్టరు ఫ్రెడరిక్ కలెన్ అతన్ని పెంచుకున్నాడు. 22 ఏళ్లకే, 1925లో, ‘కలర్’ అనే తొలి సంపుటి తెచ్చాడు. అందులో ‘యెట్ డూ ఐ మార్వెల్’ 14 పాదాల సానెట్. దేవుడు మంచివాడే, దయగలవాడేనని ఒప్పుకుంటూ మొదలవుతుంది. మట్టిలో బతికే చిన్న ప్రాణికి చూపెందుకు లేదో, గ్రీకు పురాణాల్లో టాంటలస్‌కు పండు ఎందుకు అందదో, సిసిఫస్ మెట్లెక్కడం ఎందుకు తెగదో, దేవుడు తలుచుకుంటే వీటన్నిటికీ జవాబు చెప్పగలడంటాడు. చివరి రెండు పాదాల్లో మాత్రం, నల్లవాడిగా పుట్టించి కవిత్వం చెప్పమనడం తనకు వింతగా ఉందంటాడు. అన్యాయమనే మాట ఎక్కడా వాడడు.

అంత మెత్తదనం ఎందుకు? అరిచేవాణ్ణి దేవుడి తరఫువాళ్లు దైవదూషణ పేరుతో సులువుగా బయటికి నెట్టేస్తారు. మోకాళ్ల మీదుండి అడిగేవాణ్ణి ఏం చేస్తారు? దయగలవాడివని ముందే ఒప్పుకున్నాడు కాబట్టి, జవాబు చెప్పాల్సిన బాధ్యత ఇక దేవుడిదే. ఇది భక్తి అని నేను నమ్ముతాను. పోట్లాటకు దేవుడే తగినవాడనుకునే భక్తి.

అదే సంపుటిలో ‘ఇన్సిడెంట్’ 12 పాదాలే. పిల్లల పాటలా నడుస్తుంది. బాల్టిమోర్‌కు సంబరంగా వెళ్లిన 8 ఏళ్ల పిల్లాడు, తనంతే ఉన్న ఆ ఊరి పిల్లాణ్ణి చూసి నవ్వుతాడు. వాడు నాలుక చాపి, నల్లవాళ్లను తిట్టే తిట్టు తిడతాడు. మే నుంచి డిసెంబరు దాకా ఊరంతా చూసినా గుర్తున్నది అదొక్కటే. అన్నీ పలకా బలపం వయసు మాటలు, ఆ తిట్టు తప్ప. దాన్ని పసినోటికి అందించిన పెద్దలెవరో కవి చెప్పడు. చెప్పనక్కర్లేదు కూడా.

సాటి కవి లాంగ్‌స్టన్ హ్యూస్‌కు కలెన్ ధోరణి నచ్చలేదు. 1926లో ‘ది నేషన్’ పత్రికలో రాసిన వ్యాసాన్ని, తనను నీగ్రో కవి అనొద్దన్న ఓ యువకవి ప్రస్తావనతో మొదలుపెట్టాడు. పేరు రాయలేదు గానీ అది కలెనేనని విమర్శకులంటారు. ఆ కోరిక వెనక తెల్లవాడు కావాలన్న కోరిక ఉందన్నాడు హ్యూస్. బ్లూస్ లయను కవిత్వంలోకి తెచ్చిన ఆయనంటే నాకు గౌరవమే. ఈ మాట మాత్రం ఒప్పుకోలేను. జాషువా కావ్యం ‘గబ్బిలం’ చదివిన తెలుగువాళ్లకు ఒప్పుకోవడం కష్టం. కులం పేరుతో గుడిలోకి రానివ్వని మనిషి, గుడిలో వేలాడే గబ్బిలంతో శివుడికి కబురంపుతాడు. ఆ కబురు కాళిదాసు మేఘసందేశం బాటలో, పండితులు తమ సొత్తనుకున్న పద్యాల్లోనే సాగుతుంది. దాన్ని లొంగుబాటని ఎవరనగలరు? కులమూ వర్ణమూ ఒకటి కావు, నిజమే. కానీ తలుపు మూసినవాళ్లకు అర్థమయ్యే గొంతుతోనే ఆ తలుపు తట్టాలన్న పంతం సానెట్ రాసిన కలెన్‌దీ, పద్యం రాసిన జాషువాదీ.

కలెన్ వినయానికీ ఒక హద్దుంది. ‘హెరిటేజ్’ అనే దీర్ఘకవితలో, తాను కొలిచే ప్రభువు నల్లవాడై ఉంటే ఈ బాధ తెలిసేది కదా అంటాడు. ఊహలో ఆయనకు నల్లని ముఖం ఇస్తాడు. పాస్టరు ఇంట పెరిగిన కుర్రవాడు ఈ మాట రాసింది, అమెరికా దక్షిణాదిలో నల్లవాళ్లను గుంపులు చెట్లకు ఉరితీస్తున్న కాలంలో. ఆ గుంపుల్లో ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లేవాళ్లూ ఉన్నారు. కవిత చివర్లో ప్రభువును క్షమించమని వేడుకుంటాడు, ఇచ్చిన ముఖాన్ని మాత్రం తుడిచేయడు. 1929లో తెచ్చిన సంపుటికి ‘ది బ్లాక్ క్రైస్ట్’ అనే పేరు పెట్టాడు.